వ్యాసం రాశాక ఏం చేయాలి? తిరగరాయడం గురించి డిగ్రీ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఏటా మొదటి సెమిస్టర్‌లో ఒక వ్యాసం రాయించి, చదివి, "మళ్లీ రాసుకురండి" అని తిరిగిచ్చేస్తాను. ప్రశ్నలు అప్పుడు మొదలవుతాయి. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర అడుగుతారు, ఏడు రోడ్ల జంక్షన్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు అడుగుతారు, రాత్రి పదింటికి వాట్సాప్‌లో అడుగుతారు. ఎక్కువమంది అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాను. లెక్చరర్ ఎర్ర పెన్ను కోసం చూడకుండా తన వ్యాసాన్ని తానే దిద్దుకోవడం ఎవరైనా నేర్చుకోగలిగిన పనే. నా క్లాసులో ఏటా కొందరు నేర్చుకోవడం చూస్తున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తప్పులు దిద్దడం, తిరగరాయడం ఒకటేనా మేడమ్?

రెండూ వేరు. "మళ్లీ రాసుకురండి" అంటే చాలామంది అక్షరదోషాలు సరిచేసి, రెండు మాటలు మార్చి, అదే వ్యాసాన్ని అందమైన చేతిరాతతో తెస్తారు. అది సాపు ప్రతి. నేను అడిగేది అంతకుముందు జరగాల్సిన పని: నేను అసలు ఏం చెప్పాలనుకున్నాను, అది ఇందులో ఉందా, చదివేవాళ్లకు అందుతుందా అని చూసుకుని, అవసరమైతే పేరాలకు పేరాలు తీసేసి కొత్తవి రాయడం.

ఈ తేడా మన పిల్లల్లోనే ఉందనుకోకండి. అమెరికాలో నాన్సీ సామర్స్ అనే అధ్యాపకురాలు 20 మంది కాలేజీ విద్యార్థుల్నీ, బాగా అనుభవమున్న మరో 20 మందినీ తీసుకుని, ఒక్కొక్కరి చేత మూడేసి వ్యాసాలు రాయించి, ప్రతిదాన్నీ రెండేసిసార్లు తిరగరాయించారు. ఆ పరిశీలన 1980లో అచ్చయింది. విద్యార్థులు ఎక్కువగా మాటల దగ్గరే ఆగిపోయారు. ఈ పదం రెండుసార్లు వచ్చింది, దీనికి బదులు ఇంకోటి పెడదాం అన్న పద్ధతి. అనుభవమున్నవాళ్లు ముందు తమ వాదనకు ఒక ఆకారం వెతుక్కున్నారు, చదివేవాళ్లు ఎక్కడ అడ్డు తగులుతారో ఊహించుకున్నారు, ఆ తర్వాతే మాటల జోలికి వెళ్లారు. నాకు ఇందులో ఆశ కనిపిస్తుంది. రెండు గుంపుల మధ్య తేడా తెలివిలో లేదు, చూసే చోటులో ఉంది. చూసే చోటు మార్చుకోవచ్చు.

రాసిన వెంటనే చదివితే అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. నా తప్పు నాకెందుకు కనపడదు?

మీరు కాగితం మీదున్నది చదవడం లేదు కాబట్టి. మనసులో ఉన్నదే చదువుతున్నారు. రాయకుండా వదిలేసిన మాటను కూడా మీ బుర్ర నింపేసుకుంటుంది. అందుకే ఎడం కావాలి. కనీసం ఒక రాత్రి గడవనివ్వండి, రెండు రోజులైతే ఇంకా మేలు. మర్నాడు ఇవ్వాల్సిన వ్యాసాన్ని ముందురోజు రాత్రి మొదలుపెట్టేవాళ్లకు ఈ సలహా పనికిరాదని తెలుసు. వాళ్లు కనీసం భోజనం చేసి వచ్చి చదవాలి.

ఎడం లేకపోతే గొంతు ఉంది. తలుపేసుకుని పైకి చదవండి. నాలుక తడబడినచోట వాక్యం బాగోలేదు. ఊపిరి చాలనిచోట వాక్యం పొడుగైంది. చదువుతూ ఏ పేరా దగ్గర మీరే తొందరపడ్డారో అక్కడ సరుకు లేదు. ఫోన్‌లో రికార్డు చేసుకుని మర్నాడు బస్సులో వినే అమ్మాయి ఒకతె ఉండేది నా క్లాసులో. ఎవరో వేరేవాళ్లు రాసింది విన్నట్టు ఉంటుందని చెప్పేది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పెన్సిల్ తీసుకోండి. ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో ఆ పేరా ఏం చెబుతోందో ఒక్క ముక్కలో రాయండి. రాయలేకపోతే ఆ పేరాలో విషయం లేదన్నమాట, లేదా మూడు విషయాలున్నాయన్నమాట. తర్వాత ఆ మార్జిన్ ముక్కల్ని మాత్రమే పై నుంచి కిందికి చదవండి. ఒకదాని నుంచి ఒకటి పుట్టుకొస్తున్నాయా? మూడోది, ఆరోది ఒకే మాట చెబుతున్నాయా? ఈ పనికి పావుగంట పడుతుంది. ఒక్క పద్ధతే నేర్చుకోగలం అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఆ తర్వాత వరస ముఖ్యం. ముందు విషయం, తర్వాత పేరాల వరస, తర్వాత వాక్యాలు, ఆఖర్న అక్షరదోషాలు. పొందూరు ఖాదీ పని చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ ముందు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి చెత్త తీస్తారు. ఆ దవడకు ఉండే సన్నటి పళ్లే దువ్వెన. తర్వాత గింజ తీయడం, ఏకడం, వడకడం, నేయడం. నూలు వడికేశాక అందులోని నలకను తీయడం ఎవరి తరమూ కాదు. వ్యాసంలోనూ అంతే. రేపు మొత్తం కొట్టేయబోయే పేరాలో ఇవాళ ఒత్తులు సరిచేస్తూ కూర్చుంటే, గంట పోతుంది. పైగా అంత కష్టపడ్డాం కదా అని దాన్ని కొట్టేయబుద్ధి కాదు.

ఒక ఉదాహరణ చూపిస్తారా?

వలసల మీద వ్యాసం రాయమన్నాను. తీరంలోని ఒక పల్లె నుంచి వచ్చే మొదటి సంవత్సరం అమ్మాయి రాసుకొచ్చింది ఇలా ఉంది:

"వలస అనగా ప్రజలు ఒక ప్రాంతము నుండి మరొక ప్రాంతమునకు తరలివెళ్లుట. మన జిల్లా యొక్క ముఖ్యమైన సమస్యలలో వలస ఒకటి. దీనికి అనేక కారణాలు కలవు. మా నాన్న కూడా వేరావల్‌లో బోటు మీద పనిచేస్తారు. చాలామంది జాలర్లు పాకిస్తాన్ జైల్లో ఎన్నో కష్టాలు పడ్డారు. ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి."

తప్పులేం లేవు. మార్కులు పడతాయి. కానీ ఇందులో ఊపిరున్న వాక్యం ఒక్కటే, నాలుగోది. మిగతావి ఏ గైడులోనైనా దొరుకుతాయి. ఆ వాక్యం కింద గీత గీసి, "దీని గురించి నీకు తెలిసింది చెప్పమ్మా" అన్నాను. పావుగంట చెప్పింది. నాన్న ఏ నెలలో వెళతారు, ఎవరు అడ్వాన్సు ఇస్తారు, ఆ అడ్వాన్సు ఎలా ఖర్చయిపోతుంది, అమ్మ ఇంట్లో ఏం మాట్లాడదు. "మరి ఇవన్నీ వ్యాసంలో లేవేం?" అంటే, "ఇవి రాయొచ్చా మేడమ్?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు బాధపెట్టింది. పన్నెండేళ్లు చదివాక కూడా తనకు తెలిసినది వ్యాసానికి పనికొస్తుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

రెండోసారి మొదటి పేరా ఇలా తెచ్చింది:

"ఆగస్టులో మా వీధి ఖాళీ అవుతుంది. మా నాన్న, చిన్నాన్న, పక్కింటి మామయ్య గుజరాత్ వెళ్లిపోతారు, అక్కడ వేరావల్‌లో బోట్ల మీద పని. తిరిగొచ్చేది వేసవికే. మా ఊరికీ సముద్రం ఉంది. అయినా వేట కోసం ఇంకో సముద్రానికి ఎందుకు వెళ్లాలి?"

చూడండి, ఆఖరి ప్రశ్న వ్యాసానికి దారి వేసింది. తర్వాతి పేరాలన్నీ దానికి జవాబు చెప్పాలి. మన తీరంలో పెద్ద బోట్లు నిలిచే సదుపాయం, అడ్వాన్సుల లెక్క, కూలి తేడా వంటివి అడగకుండానే వచ్చి కూర్చున్నాయి. "ప్రభుత్వం తగిన చర్యలు" దానంతట అదే పోయింది. దాని స్థానంలో ఏ చర్య కావాలో వచ్చింది.

మూడోసారి మేమిద్దరం "చాలామంది" దగ్గర ఆగాం. ఎంతమంది? ఎప్పుడు? పాత పేపర్లు వెతికి రాసుకొచ్చింది: 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకున్న ఆంధ్ర జాలర్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా తిరిగొచ్చారు. ఏడాది దాటిపోయింది. "ఎన్నో కష్టాలు" అన్న మాట ఇక అక్కర్లేదు. ఏడాదికి పైగా అన్నది చదివినవాళ్లు తామే లెక్క వేసుకుంటారు.

కష్టపడి రాసిన పేరాను కొట్టేయాలంటే మనసొప్పడం లేదు.

ఒప్పదు. "ఏటి మేడమ్, ఇదీ కొట్టీమంటారా?" అని ఒక కుర్రాడు దాదాపు ఏడుపు మొహంతో అడిగాడు. కొట్టేయకండి, తీసి పక్కన పెట్టండి. నోట్సు చివర్లో "మిగులు" అని ఒక పేజీ పెట్టుకుని అక్కడికి చేర్చండి. ఫోన్‌లో అయితే వేరే ఫైలు. పోలేదు, ఉంది అనుకుంటే చెయ్యి ధైర్యంగా కదులుతుంది. మిగులులో పెట్టిన పేరా మరో వ్యాసానికి ఉపయోగపడ్డ సందర్భాలు బోలెడు.

కొట్టేయడానికి మొదట అనుమానించాల్సినవి రెండు: ఉపోద్ఘాతంలో మొదటి మూడు వాక్యాలు, ముగింపులో చివరి మూడు. మొదట్లో మనం ఇంకా విషయం కోసం తడుముకుంటూ ఉంటాం. చివర్లో అయిపోయినా ఆగలేక రాస్తూ ఉంటాం.

వాక్యాల దగ్గర తెలుగులో ప్రత్యేకంగా ఏం చూడాలి?

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న.

తెలుగులో క్రియ చివర వస్తుంది. అందుకని వాక్యాన్ని వచ్చి, చూసి, వెళ్లి అంటూ ఎంత దూరమైనా లాగొచ్చు. ఒక వ్యాసంలో ఇలా ఉంది: "తుఫాను వచ్చి, చెట్లు పడిపోయి, కరెంటు పోయి, రైతులు నష్టపోయి, ప్రభుత్వం పరిహారం ప్రకటించింది." అడుగడుక్కీ కర్త మారిపోయింది. వచ్చింది తుఫాను, పడింది చెట్టు, నష్టపోయింది రైతు. చదివేవాళ్లు ఎవరి వెంట నడవాలి? విడగొట్టాక ఇలా అయింది: "2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి చెట్లు కూలిపోయాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. పరిహారం ఒక్కసారి వస్తుంది." పొడుగు వాక్యంలో నలిగిపోయిన విషయం విడగొట్టేసరికి బయటికొచ్చింది. చివరి రెండు వాక్యాలు మొదటి ప్రతిలో లేనే లేవు. విడగొడుతున్నప్పుడు ఆ పిల్లాడికి తట్టాయి. వాళ్ల తాత తోట పోయిందట.

తర్వాత, "మరియు". రెండు పేర్ల మధ్య కామా చాలు, లేదా దీర్ఘం చాలు: విజయనగరం, శ్రీకాకుళం; విజయనగరమూ శ్రీకాకుళమూ. "జిల్లా యొక్క ప్రజలు" అక్కర్లేదు, జిల్లా ప్రజలు. "ప్రభుత్వం చేత నిర్మించబడిన వంతెన" అంటే ప్రభుత్వం కట్టిన వంతెనే. వ్యాసమంతా "యొక్క"లకూ "బడు"లకూ సున్నా చుట్టండి. సగానికి సగం తీసేసినా అర్థం చెడదు.

ఒకే పేరాలో "జరుగుచున్నవి", "జరుగుతున్నాయి" రెండూ ఉంటే పాఠ్యపుస్తకం నుంచి ఎత్తిరాసింది ఏదో, మీరు రాసింది ఏదో మాకు తెలిసిపోతుంది. మీ మాటలోకి తెచ్చుకోండి. తెచ్చుకోలేకపోతే ఆ విషయం ఇంకా అర్థం కాలేదని గుర్తు.

అక్షరదోషాల్లో అందరూ చేసేవి కొన్ని: విధ్యార్థి (విద్యార్థి), విశయం (విషయం). "అర్ధం" అంటే సగం, "అర్థం" అంటే భావం. మీరు మాటిమాటికీ చేసే తప్పులు ఐదో ఆరో ఉంటాయి, అంతకు మించవు. వాటిని నోట్సు అట్ట లోపల రాసుకుని, ప్రతిసారీ వాటి కోసమే ఒకసారి వెతకండి.

మా ఊరి మాట వ్యాసంలో రాయొచ్చా?

రాయొచ్చు, ఎక్కడన్నది చూసుకోండి. ఎవరైనా మాట్లాడిన మాటను రాస్తున్నప్పుడు వాళ్ల మాటలోనే రాయండి. మీ నాయనమ్మ "బేగొచ్చీ" అంటే దాన్ని "త్వరగా రమ్ము" అని మార్చడం అబద్ధమవుతుంది. మీరు వివరించే భాగాల్లో అన్ని జిల్లాలవాళ్లకూ అర్థమయ్యే మాట వాడండి. మీ ఊరి మాటకు సరైన బదులు దొరకకపోతే ఊరి మాటే ఉంచి, పక్క వాక్యంలో తెలిసేలా చేయండి.

ఈ విషయంలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలు వెనకాడకూడదని నా పట్టుదల. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజునే. ఆయనా గురజాడా విజయనగరంలో కలిసి చదువుకున్నారు. మాట్లాడే భాషకు పుస్తకంలో చోటు ఇప్పించినవాళ్లు ఈ నేల మీదే పెరిగారు.

ఎన్నిసార్లు తిరగరాయాలి?

కాలేజీ వ్యాసానికి మూడుసార్లు చాలు: ఒకసారి విషయం కోసం, ఒకసారి వాక్యాల కోసం, ఒకసారి అక్షరాల కోసం.

పెద్దవాళ్ల సంగతి వేరు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, పేరొచ్చింది. అక్కడితో గురజాడ ఆగిపోవచ్చు. ఆగలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పును ఆయన దాదాపు కొత్త నాటకంలా రాశారు. మధురవాణి మనకు తెలిసిన మధురవాణి అయింది ఆ రెండో కూర్పులోనే. ఇవాళ మనం చదివేదీ, ఆడేదీ అదే. మెచ్చుకోలు వచ్చిన రచనను మళ్లీ విప్పడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. వీలున్నవాళ్లు రెండు కూర్పులూ తెచ్చుకుని ఒక్క రంగాన్ని పక్కపక్కన పెట్టి చదవండి. తిరగరాయడం గురించి నేను ఏడాదంతా చెప్పగలిగినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

ఫోన్‌లో దిద్దాలా, కాగితం మీదా?

టైపు చేయడం ఫోన్‌లో చేయండి, దిద్దడం కాగితం మీద చేయండి. చిన్న తెర మీద ఒకసారికి ఒక పేరానే కనపడుతుంది కాబట్టి పేరాల వరస తెలియదు. ప్రింటౌట్ తీయించి, పక్కన ఖాళీ ఉంచి, కొట్టివేతలు, బాణాలు, హంసపాదులు అన్నీ చేత్తో పెట్టండి. వాయిస్ టైపింగ్‌లో రాసేవాళ్లు ఒక జాగ్రత్త పాటించాలి: అది మీరన్న మాట వదిలేసి దగ్గరి మాట ఇంకోటి పెడుతుంది, చదివితే సరిగ్గానే ఉన్నట్టుంటుంది.

స్నేహితుడికి చూపిస్తే "సూపర్ రా" అంటాడు. ఉపయోగం ఏంటి?

"ఎలా ఉంది?" అని అడిగితే అదే వస్తుంది. అడిగే ప్రశ్న మార్చండి. "నేనేం చెప్పానో చూడకుండా చెప్పరా" అనండి. వాడు చెప్పేదీ, మీరు చెప్పాలనుకున్నదీ ఒకటి కాకపోతే పని ఎక్కడుందో తెలిసినట్టే. "ఎక్కడ బోర్ కొట్టింది? వేలు పెట్టి చూపించు" అనండి. వాడు చెబుతున్నంతసేపూ సమర్థించుకోకండి, రాసుకోండి. వ్యాసం వెంట మీరు వెళ్లి ప్రతి పాఠకుడికీ వివరించలేరు కదా.

చాట్‌జీపీటీకి ఇస్తే నిమిషంలో సరిచేసిస్తుంది. ఇంత కష్టం ఎందుకు?

సరిచేసిస్తుంది, నిజమే. పై అమ్మాయి మొదటి ప్రతిని దానికి ఇచ్చి ఉంటే ఆరు వాక్యాలూ నున్నగా తిరిగొచ్చేవి. ఆగస్టులో వీధి ఖాళీ అయిన సంగతి మాత్రం వచ్చేది కాదు, ఎందుకంటే అది ఆ పిల్లకే తెలుసు. దాన్ని రాసిపెట్టమనకండి, కావాలంటే ప్రశ్నలు అడగమనండి: ఈ పేరాలో ఏది అర్థం కాలేదు, ఏ మాటకు ఆధారం లేదు అని. జవాబులు మీరు రాయండి. అది చెప్పే తేదీలూ పేర్లూ విడిగా సరిచూసుకోకుండా వ్యాసంలోకి రానివ్వకండి. మీ కాలేజీలో దీని గురించి నియమం ఉంటే ముందు అది తెలుసుకోండి.

ఇంగ్లిష్ వ్యాసాలకూ ఇదేనా?

పద్ధతి ఇదే. ఒక్కటి కలపండి: అర్థం కాని పేరాను ముందు తెలుగులో మీకు మీరు చెప్పుకోండి. తెలుగులో తేలితే ఇంగ్లిష్ సమస్య, తెలుగులోనూ తేలకపోతే ఆలోచన సమస్య. రెంటికీ మందు వేరు.

పరీక్షలో తిరగరాసే టైమ్ ఎక్కడుంటుంది?

ఉండదు, అందుకే ఆ పని రాయకముందు చేయాలి. మొదటి పది నిమిషాలు చివరి పేజీలో చిత్తుగా పాయింట్లు వేసుకుని, వరస మార్చుకోండి. అక్కడ బాణం గీయడానికి రెండు సెకన్లు, రాశాక మార్చాలంటే పేజీ పోతుంది. సివిల్స్ మెయిన్స్‌లో వ్యాసం పేపర్ 250 మార్కులు, మూడు గంటల్లో రెండు వ్యాసాలు, తెలుగులోనూ రాయొచ్చు. అక్కడా ఇదే పద్ధతి. ఆఖరి పది నిమిషాల్లో అంకెలు, పేర్లు, మొదటి పేరా, చివరి పేరా మాత్రం చూడండి. మిగిలిపోయిన మాటను హంసపాదు పెట్టి పైన రాయండి, తప్పును ఒక్క గీతతో కొట్టేయండి. గజిబిజిగా నల్లగా చేయకండి.

లెక్చరర్ ఏమీ రాయకుండా మార్కులేసి ఇచ్చేశారు. ఏం సరిచేసుకోవాలి?

నేను డిగ్రీ చదివే రోజుల్లో నెల్లాళ్లు కష్టపడి రాసిన వ్యాసం "పర్వాలేదు" అన్న ఒక్క మాటతో తిరిగొచ్చింది. దేనికి పర్వాలేదో, దేనికి కాదో ఈనాటికీ తెలియదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది, అందుకే నా పిల్లల వ్యాసం మీద కనీసం రెండు వాక్యాలు రాయకుండా తిరిగివ్వను.

మీరు వెళ్లి అడగండి. "మార్కులెందుకు తగ్గాయి సార్?" అంటే గొడవకొచ్చారనుకుంటారు. "ఇందులో ఒక్క పేరా మార్చుకోవాలంటే ఏది మార్చమంటారు సార్?" అనండి. 80 మంది కాగితాలు దిద్దిన మనిషైనా దానికి జవాబు చెప్పగలరు.

ఎప్పుడు ఆపాలి?

నిన్న కొట్టేసిన మాటను ఇవాళ మళ్లీ పెట్టి, రేపు మళ్లీ కొట్టేస్తున్నారంటే ఆపేయండి. సాపు ప్రతి రాయండి. పేరు, రోల్ నంబర్, పేజీ నంబర్లు చూసుకోండి. చిత్తు ప్రతులు పారేయకండి, తేదీలు వేసి ఒక క్లిప్పుకు పెట్టుకోండి. వలసల మీద రాసిన అమ్మాయి తన మూడు ప్రతులూ అలాగే పెట్టుకుంది. ఆ వేసవిలో నాన్న ఇంటికొచ్చినప్పుడు మూడోది చదివి వినిపించిందట. అడ్వాన్సు లెక్క దగ్గర ఆయన ఆపి, అంకె సరిచేశారట. నాలుగో ప్రతి మొన్న నా బల్ల మీద పెట్టి వెళ్లింది.